కొట్లాట కేసులో ఏ సెక్షన్ పడుతుంది? దెబ్బ తగిలిన గంట నుంచి మీరు చేయాల్సిన పనులు

"ఎంత ఖర్చయినా పర్లేదు సార్, 307 కట్టించండి." నెల్లూరు కోర్టు చుట్టుపక్కల ఏ వకీలు ఆఫీసులో కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. ఆ నంబరే ఇప్పుడు లేదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యాయత్నం 109 అయింది. అదలా ఉంచితే, సెక్షన్ అనేది అడిగి కట్టించుకునేది కాదు. నాలుగు సంగతులు దాన్ని తేలుస్తాయి: గాయం ఎంత, దేంతో కొట్టారు, ఏ ఉద్దేశంతో కొట్టారు, ఎవరు ఎవరిని కొట్టారు. ఈ నాలుగూ జరిగింది జరిగినట్టు మొదటి రోజే కాగితం మీదికి ఎక్కించడం వరకే మీ చేతిలో ఉంది. ఎక్కువ చేసి రాయించినా, తక్కువ చేసి చెప్పినా తర్వాత దిద్దుకోవడం మహా కష్టం.

స్టేషన్లో, కోర్టులో ఇంకా పాత నంబర్లే నోట్లో నానుతున్నాయి కాబట్టి ముందు లెక్క సరిచూసుకోండి. పాత 323 (మామూలు గాయం) ఇప్పుడు 115(2). 324 (ఆయుధంతో గాయం) ఇప్పుడు 118(1). 325 (తీవ్ర గాయం) ఇప్పుడు 117(2). 326 (ఆయుధంతో తీవ్ర గాయం) ఇప్పుడు 118(2). 302 (హత్య) ఇప్పుడు 103. దారి అడ్డగించడం 341 నుంచి 126(2)కి, బెదిరింపు 506 నుంచి 351కి, ఉమ్మడి ఉద్దేశం 34 నుంచి 3(5)కి మారాయి. గొడవ 2024 జులై 1కి ముందు జరిగి ఉంటే మాత్రం పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి, కేసు ఇప్పుడు నడుస్తున్నా సరే.

మొదటి పని: ఆసుపత్రి, అదీ సర్కారీ ఆసుపత్రి

దెబ్బ తగిలిన మనిషిని స్టేషన్ మెట్లెక్కించి, అక్కడ గంటలకొద్దీ కూర్చోబెట్టి, తర్వాత ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్లు మన దగ్గర చాలామంది. ఇది తిరగేయాలి. 108కి ఫోన్ చేయండి. నెల్లూరైతే పెద్దాసుపత్రి, ఒంగోలైతే రిమ్స్, లేదంటే దగ్గర్లోని ఏరియా ఆసుపత్రి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు దగ్గర్లో ప్రైవేటు ఆసుపత్రి ఉంటే అక్కడికే వెళ్లండి. పోలీసు కేసు అని చెప్పి వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో తేల్చింది, ప్రైవేటు డాక్టర్లకూ అది వర్తిస్తుంది.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు మిమ్మల్ని ఎంఎల్‌సీ రిజిస్టర్లో (పోలీసు కేసయ్యే గాయాల పుస్తకం) రాసుకుంటాడు. ఏమైంది, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎంతమంది, దేంతో అని అడుగుతాడు. మీరు చెప్పే ఆ రెండు ముక్కలే ఈ గొడవ గురించి పుట్టే మొట్టమొదటి రాత. మూడేళ్ల తర్వాత అవతలి వకీలు క్రాస్‌లో ముందు తెరిచేది ఆ పేజీనే. "ఎందుకొచ్చిన పోలీసు గోల" అనుకుని "బండి మీద నుంచి పడ్డా" అని చెప్పి, మర్నాడు బంధువులు ఎక్కేసరికి ఫిర్యాదు ఇస్తే కేసు ఆ పేజీ దగ్గరే కుంటుతుంది. కట్టెతో కొట్టిన చోట కత్తి అని చెప్పినా అంతే. గాయం అంచు చూస్తే కోసుకుపోయిందా, మొద్దు వస్తువు తగిలి పగిలిందా అన్నది డాక్టరుకు తెలుస్తుంది.

నొప్పి ఉన్న ప్రతి చోటూ చూపించండి. నెత్తురు కారేదే చూపించి, కదిలిన పన్ను సంగతి, గుయ్‌మంటున్న చెవి సంగతి చెప్పకుండా వచ్చేస్తారు. ఎందుకు చెప్పాలో కింద తెలుస్తుంది. ఎక్స్‌రే తీస్తే ఫిల్ము, దాని నంబరు, ఓపీ చీటీ, డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు ఒక కవర్లో పెట్టుకోండి. గాయాల వివరం రాసే వూండ్ సర్టిఫికెట్ మీ చేతికి ఇవ్వరు, పోలీసుల రాతపూర్వక కోరిక మీద వాళ్లకే పంపుతారు. ఆసుపత్రి నుంచి స్టేషన్‌కు ఇంటిమేషన్ కూడా వెళ్తుంది. పోలీసులు మంచం దగ్గరికే వచ్చి స్టేట్‌మెంట్ రాసుకుంటే, చాలా కేసుల్లో అదే ఎఫ్‌ఐఆర్‌కు మూలం అవుతుంది. సంతకం పెట్టే ముందు చదివి వినిపించమనండి.

నెత్తురు మరకల చొక్కా ఉతక్కండి. ఇంటికి రాగానే ఆడవాళ్లు దాన్ని నానబెట్టేస్తారు, కాబట్టి ముందే చెప్పి పెట్టండి. బాగా ఆరనిచ్చి కాగితం సంచిలో పెట్టి పోలీసులకు అప్పగించండి. ఎవరైనా ఫోన్లో వీడియో తీసి ఉంటే వాట్సాప్‌లో తిప్పడంతో సరిపెట్టుకోవద్దు. తీసిన ఫోన్, అందులోని అసలు ఫైలు జాగ్రత్త చేయాలి. కోర్టులో వీడియో చెల్లాలంటే కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63 కింద సర్టిఫికెట్ కావాలి. టీ కొట్టు సీసీ కెమెరా రికార్డు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది, దాని సంగతి ఫిర్యాదులోనే రాయండి.

రెండో పని: మీ గొడవ ఏ మెట్టు మీద ఉందో చూసుకోండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందుకూరుపేట వైపు ఒక ఊరు. కాలవ నీళ్లు వంతుల మీద వస్తాయి. మీ వంతు రాత్రి పక్క కయ్య ఆసామి మడవ తన వైపు తిప్పుకున్నాడు. తెల్లారి మీరు అడగబోయారు. అతని చేతిలో పార ఉంది. ఇక్కడి నుంచి కథ ఎటు నడిస్తే సెక్షన్ అటు నడుస్తుంది.

అతను పార ఎత్తి మీ మీదికి వచ్చాడు, మధ్యలో ఎవరో పట్టుకున్నారు. దెబ్బ పడలేదు. అయినా నేరమే. ఇప్పుడే కొడతాడని మీకు భయం పుట్టేలా చేయి ఎత్తినా, మీదికి ఉరికినా 130 కిందికి వస్తుంది, 131 కింద మూడు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. ఒట్టి మాటలు దీని కిందికి రావు. కాలవ అవతల గట్టు మీద నిలబడి "నిన్ను చంపుతా" అని అరిస్తే అది 351, అంటే బెదిరింపు. మామూలు బెదిరింపుకు రెండేళ్ల దాకా, చంపుతానని గాని, కాళ్లూ చేతులూ విరుస్తానని గాని బెదిరిస్తే ఏడేళ్ల దాకా. ఇక చొక్కా పట్టుకుని కాలవలోకి నెట్టి, ఒంటికి నొప్పి ఏమీ తగలకపోతే, అదీ 131 లోనే పడుతుంది.

చెంప మీద కొట్టాడు. వాపు లేదు, నెత్తురు లేదు. "గాయమే లేదు, కేసు ఎట్టా?" అని స్టేషన్లో అనొచ్చు. 114 ప్రకారం ఒంటి నొప్పి కలిగించినా గాయమే, మచ్చ పడాలని ఎక్కడా లేదు. 115(2): ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. మన ఊళ్లలో జరిగే తన్నులాటల్లో చాలావరకు ఈ మెట్టు మీదే ఉంటాయి, ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం ఎవరికీ మనసు రాదు.

అదే చెంపదెబ్బకు పన్ను ఊడింది. ఒక్కసారిగా కేసు మారిపోయింది. 116లో తీవ్ర గాయాలు ఎనిమిది రకాలుగా రాసి ఉన్నాయి: మగతనం పోగొట్టడం, ఒక కంటి చూపు శాశ్వతంగా పోవడం, ఒక చెవి వినికిడి శాశ్వతంగా పోవడం, అవయవం గాని కీలు గాని పోవడం, అవయవం ఉండి కూడా శాశ్వతంగా పనికిరాకుండా పోవడం, తలకో ముఖానికో మాయని వికారం రావడం, ఎముక గాని పన్ను గాని విరగడం, పట్టు తప్పడం, చివరిది ప్రాణాపాయం కలిగించే గాయం లేదా పదిహేను రోజులు తీవ్రమైన బాధతో ఉండటం, మామూలు పనులు చేసుకోలేకపోవడం. పాత చట్టంలో ఇది ఇరవై రోజులు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 117(2), ఏడేళ్ల దాకా జైలు, జరిమానా.

ఈ జాబితా మీద కాస్త నిలబడి ఆలోచించండి. తల మీద ఆరు కుట్లు పడి నెత్తురోడుతున్న మనిషికి ఎముక చెక్కుచెదరకపోతే, ప్రాణాపాయం లేకపోతే, సింపుల్ (మామూలు గాయం) అని సర్టిఫికెట్ రావచ్చు. నెత్తురు చుక్క రాలని మనిషికి ముక్కు ఎముక చిట్లితే గ్రీవియస్ (తీవ్ర గాయం). "డబ్బులు తిని సింపుల్ రాశాడు" అని డాక్టరును తిట్టే ముందు ఈ జాబితాలో మీ గాయం ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలరా చూసుకోండి. ఎముక రెండు ముక్కలు కానక్కర్లేదు, సన్న చీలిక అయినా విరిగినట్టేనని సుప్రీంకోర్టు ఏనాడో హోరీలాల్ కేసులో చెప్పింది. అందుకే పన్ను కదిలినా, పక్కటెముక దగ్గర ఊపిరి పీలిస్తే కలుక్కుమన్నా పరీక్ష చేయించమన్నది. పంటి డాక్టరు రిపోర్టు, ఎక్స్‌రే రిపోర్టు రాకుండా క్యాజువాలిటీ డాక్టరు తుది మాట రాయడు, రాయనివ్వకండి కూడా.

పదిహేను రోజుల సంగతిలో ఒక భ్రమ ఉంది. బెడ్ మీద పదిహేను రోజులు ఉంటే గ్రీవియస్ అయిపోతుందనుకుని డిశ్చార్జి వద్దని మంచం పట్టుకుని ఉంటారు. ఆసుపత్రిలో ఉండటం ఒక్కటే చాలదు. కోర్టు చూసేది ఆ రోజుల్లో తీవ్రమైన బాధ ఉందా, రోజువారీ పని చేసుకోలేకపోయారా అన్నది.

ఇప్పుడు పార దగ్గరికి వద్దాం. పార అంచుతో ముంజేతి మీద గీరుకుపోయేలా కొట్టాడు. గాయం చిన్నదే. అయినా 115(2) కాదు, 118(1): మూడేళ్ల దాకా జైలు, లేదా ఇరవై వేల దాకా జరిమానా, లేదా రెండూ. కాల్చేవి, పొడిచేవి, కోసేవి, ఆయుధంగా వాడితే ప్రాణం పోయే అవకాశం ఉన్న ఏ వస్తువైనా, ఇంకా నిప్పు, కాగిన నూనె లాంటి వేడి పదార్థాలు, విషం, ఆఖరికి ఉసిగొల్పిన జంతువు కూడా ఇందులోకి వస్తాయి. అదే పార ఎముకలోకి దిగితే 118(2): కనీసం ఏడాది, పదేళ్ల దాకా, లేదా యావజ్జీవం.

ఇక్కడ మామూలు మనిషికి అంతుపట్టని మెలిక ఒకటుంది. ఒట్టి చేతులతో పన్ను రాలగొట్టినవాడికి 117(2) కింద ఏడేళ్ల దాకా పడొచ్చు, కానీ అది బెయిలబుల్, అంటే జామీను ఇస్తే స్టేషన్లోనే వదిలేది. కత్తితో చిన్న గీత పెట్టినవాడికి 118(1) కింద మూడేళ్లే, కానీ నాన్ బెయిలబుల్. అందుకే కొట్లాట కేసుల్లో వాదనంతా ఆయుధం చుట్టూ తిరుగుతుంది. పార అంచా, పార కామా? రాయా, పిడికిలా? రాయి ప్రతిసారీ ప్రమాదకర ఆయుధం కాదు, దాని సైజు, కొట్టిన తీరు చూడాలని చెబుతూ సుప్రీంకోర్టు 2005లో మథాయ్ కేసులో 326ను 325కి దించింది. పంటితో కొరికి వేలు తెగిన కేసులో పళ్లు మారణాయుధం కావని 2004లో అంది. కాబట్టి ఫిర్యాదులో "మారణాయుధాలతో దాడి చేశారు" అని రాస్తే ఒరిగేదేమీ లేదు. "పార ఇనుప అంచుతో ఎడమ ముంజేతి మీద ఒకసారి కొట్టాడు" అని రాయండి.

హత్యాయత్నం, అంటే 109, గాయం కొలతను బట్టి రాదు. చంపాలన్న ఉద్దేశమో, ఈ దెబ్బకు చస్తాడన్న ఎరుకో ఉండాలి. తల మీద పార అంచుతో కొట్టి, కింద పడ్డాక మళ్లీ మెడ మీదికి ఎత్తాడు, జనం లాగేశారు: ఇది 109 వైపు నడుస్తుంది, గాయం చిన్నదైనా సరే. పదేళ్ల దాకా, గాయం తగిలితే యావజ్జీవం దాకా. అదే పారతో కాలి పిక్క మీద ఒక్కటి వేసి వెళ్లిపోతే, ఎముక విరిగినా 109 నిలబడటం కష్టం. ఎక్కడ కొట్టాడు, ఎన్నిసార్లు, దేంతో, కొట్టేముందు ఏమన్నాడు, ఎందుకు ఆగాడు అన్న వాటి నుంచే కోర్టు ఉద్దేశాన్ని పట్టుకుంటుంది. మనిషి దక్కకపోతే సెక్షన్ 103 (హత్య)కో 105 (హత్య కిందికి రాని నరహత్య)కో మారుతుంది. పరిస్థితి విషమంగా ఉన్నప్పుడు మేజిస్ట్రేటు ఆసుపత్రికి వచ్చి మరణ వాంగ్మూలం తీసుకుంటారు. ఆ సమయంలో బంధువులు మంచం చుట్టూ మూగి అందించకూడదు, బయటికి పంపుతారు.

పెద్ద రెచ్చగొట్టడం వల్ల అప్పటికప్పుడు చేయి చేసుకుంటే 122 కింద శిక్ష బాగా తగ్గుతుంది. అయితే మడవ తిప్పాడని ఇంటికెళ్లి కర్ర తెచ్చుకుని కొట్టినవాడికి ఇది దొరకదు.

మూడో పని: ఎవరు, ఎవరిని

కొట్టినవాళ్లు ఐదుగురు అంతకు మించి ఉండి, ఉమ్మడి లక్ష్యంతో వస్తే అది చట్టవిరుద్ధ గుంపు. అందులో ఉన్న ఒక్కడు కొట్టినా 190 కింద అందరి మెడకూ చుట్టుకుంటుంది. 191 కింద దొమ్మీకి రెండేళ్లు, మారణాయుధంతో ఉంటే ఐదేళ్ల దాకా. ఐదుగురికి తక్కువైతే 3(5).

దీన్ని చూసే మన వాళ్లు ఐదో పేరు కోసం వెతుకుతారు. గొడవ దగ్గర లేని తమ్ముణ్ణి, బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకుని, ముసలి తల్లిని కూడా ఫిర్యాదులో కలిపేస్తారు. నేను చూసినంతలో కొట్లాట కేసులు వీగిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు. కొడుకు ఆ రోజు ఆఫీసులో ఉన్నట్టు హాజరు కాగితం వచ్చిందంటే, నిజంగా కొట్టినవాడి మీద మీరు చెప్పిన మాట కూడా పలచబడుతుంది. ఇద్దరు కొడితే ఇద్దరి పేర్లే రాయండి. ఎవరు ఏం చేశారో విడివిడిగా రాయండి. ఒకడు పట్టుకుంటే ఇంకొకడు కొట్టాడా, అదే చెప్పండి.

దెబ్బ తిన్న మనిషిని బట్టి కూడా సెక్షన్ మారుతుంది. స్త్రీ మర్యాదకు భంగం కలిగించే ఉద్దేశంతో చేయి వేస్తే 74, ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల దాకా. డ్యూటీలో ఉన్న వీఆర్వోను గాని, కండక్టరును గాని, లైన్‌మన్‌ను గాని పని చేయనివ్వకుండా మీదికెళితే 132, గాయపరిస్తే 121. యాసిడ్ పోస్తే 124, పదేళ్లకు తక్కువ ఉండదు. భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింసకు 85 ఉంది. కొట్టడానికి సిద్ధపడి ఇంట్లోకి జొరబడితే 333 కూడా కలుస్తుంది. బాధితులు ఎస్సీ, ఎస్టీలై, కొట్టినవాళ్లు కాకపోతే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వస్తుంది, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. అప్పుడు ఫిర్యాదుతో పాటు కుల ధ్రువపత్రం ఇవ్వండి, కులం పేరుతో తిట్టి ఉంటే ఆ మాటలు యథాతథంగా రాయండి.

నాలుగో పని: ఫిర్యాదు

తెల్ల కాగితం చాలు. తేదీ, సమయం, చోటు. మీరెందుకు అక్కడున్నారు. ఎవరు ముందు ఏం చేశారు. ఏ చేత్తో, దేంతో, ఒంటి మీద ఎక్కడ. ఎవరు చూశారు, ఎవరు విడిపించారు. ఏ ఆసుపత్రికి ఎన్ని గంటలకు వెళ్లారు. ఆలస్యమైతే ఎందుకైందో ఒక వాక్యం. సెక్షన్లు మీరు రాయనక్కర్లేదు. పాత కక్షల చరిత్ర మూడు పేజీలు అసలే వద్దు, కారణం ఒక్క ముక్కలో చెప్పండి.

రాసేటప్పుడు ఒక సంగతి మరవకండి. 115(2) నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. పుస్తకంలో రాసుకుని కోర్టుకు పొమ్మంటారు. వాళ్లు ఆ మాట అంటే ప్రతిసారీ ఎగ్గొడుతున్నారని కాదు. కానీ అదే గొడవలో ఒక్క కాగ్నిజబుల్ నేరం ఉన్నా కేసు మొత్తం కాగ్నిజబుల్ అవుతుందని నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం) 174లో ఉంది. మీరు వెళ్తుంటే బండికి అడ్డం నిలబడి దారి ఆపి మరీ కొట్టారా? అది 126(2), కాగ్నిజబుల్. చాలామంది చెంపదెబ్బ గురించే చెప్పి, దారి ఆపిన సంగతి చెప్పడం మరిచిపోతారు. జరిగి ఉంటేనే రాయండి, జరగనిది అతికించవద్దు.

ఐదో పని: స్టేషన్లో

కాగ్నిజబుల్ నేరం కనబడితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో ఐదుగురు జడ్జిల బెంచి చెప్పింది. గొడవ కనిగిరిలో జరిగి మీరు నెల్లూరు ఆసుపత్రిలో ఉంటే, నెల్లూరు స్టేషన్లోనే ఇవ్వొచ్చు. "మా లిమిట్స్ కాదు" అనడానికి లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి అక్కడికి పంపాలి. ఆన్‌లైన్లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి.

మూడేళ్లు మొదలుకుని ఏడేళ్లకు లోపు శిక్షపడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ముగిసేలా ప్రాథమిక విచారణ చేసుకోవచ్చని కొత్త చట్టం వెసులుబాటు ఇచ్చింది. 118(1)కి ఇది వర్తిస్తుంది. పన్నో ఎముకో విరిగిన 117(2)కి వర్తించదు, ఎందుకంటే దాని శిక్ష ఏడేళ్ల దాకా ఉంది. "ఎంక్వయిరీ చేసి చూస్తాం" అన్నప్పుడు ఏ సెక్షన్ కింద అని మర్యాదగా అడగండి.

ఎఫ్‌ఐఆర్ కట్టనంటే అదే ఫిర్యాదును ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకోండి. సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నేరుగా ఇచ్చినా సరే. అక్కడా కదలకపోతే మీ స్టేషన్ ఏ కోర్టు కిందికి వస్తుందో ఆ మేజిస్ట్రేటు దగ్గర సురక్షా సంహిత 175(3) కింద పిటిషన్ వేయాలి, అఫిడవిట్ జతచేయాలి. ఆ ఎస్పీ రసీదు లేకపోతే పిటిషన్ అక్కడే ఆగుతుంది. వకీలుకు ఇచ్చుకోలేకపోతే 15100కి ఫోన్ చేయండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా పెడుతుంది. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేదు. ఇంకో మాట, పోలీసు కేసు కోర్టుకెక్కాక మీ తరఫున వాదించేది ప్రభుత్వ వకీలే, ఆయనకు మీరు ఫీజు ఇవ్వాల్సిన పని లేదు.

ఆరో పని: సెక్షన్ కదలికలు గమనించండి

ఎఫ్‌ఐఆర్‌లో రాసిన సెక్షన్ ఆఖరిది కాదు. మొదట 115(2), 126(2)తో కట్టిన కేసులో ఎక్స్‌రే రిపోర్టు వచ్చాక 117(2) కలుపుతూ పోలీసులు కోర్టుకు మెమో వేస్తారు. 109తో మొదలై ఛార్జిషీటులో 118(1)కి దిగడమూ మామూలే. తొంభై రోజుల్లోపు దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో బాధితులకు తెలపాలని సురక్షా సంహిత 193 చెబుతోంది. ఎస్ఐకి తీరిక లేకపోతే మీరే ఆ తేదీ గుర్తుపెట్టుకుని వెళ్లి అడగండి: వూండ్ సర్టిఫికెట్ వచ్చిందా, ఏమని రాశారు, ఆయుధం సీజ్ చేశారా. మీకు వకీలు ఉంటే ఛార్జిషీటు కాగితాల నకళ్లు మీకూ ఇవ్వాలి. సెక్షన్ తక్కువైందనిపిస్తే చార్జీలు ఖరారు చేసేలోపే ఏపీపీని (ప్రభుత్వ వకీలును) కలిసి రిపోర్టులు చూపించండి.

అవతలివాళ్లు కౌంటర్ కేసు పెడతారు. కట్టు కట్టుకుని అదే ఆసుపత్రిలో పక్క మంచం మీదే పడుకుంటారు కూడా. కంగారు పడకండి. ఇద్దరి కేసులూ సాధారణంగా ఒకే జడ్జి ముందు నడుస్తాయి. తోపులాటలో మీ చేయి కూడా తగిలి ఉంటే, తగల్లేదని బుకాయించడం కంటే కాపాడుకోవడానికి ఎంత చేశారో అంత చెప్పడం మేలు. ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది, అవసరానికి మించకూడదన్నదే దానికి హద్దు. గొడవ మళ్లీ రాజుకునేట్టు ఉంటే పోలీసులు ఇరువైపులవాళ్లనూ తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు, అంటే మళ్లీ గొడవ పడమని పూచీ రాయిస్తారు. అది శిక్ష కాదు, తప్పు ఒప్పుకున్నట్టూ కాదు.

రాజీ మాట వస్తే

ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడటంలో తప్పు లేదు, రేపు మళ్లీ అదే కాలవ నీళ్లు పంచుకోవాలి కదా. కాకపోతే రెండు లెక్కలు చూసుకోండి. 115(2), 126(2) లాంటివి మీరు ఒప్పుకుంటే రాజీ అవుతాయి, లోక్ అదాలత్‌లో ఒక పూటలో తేలిపోతాయి. 117(2)కి కోర్టు అనుమతి కావాలి. 118(1), 118(2), 109 చట్టప్రకారం రాజీపడేవి కావు, వాటికి హైకోర్టులో సురక్షా సంహిత 528 కింద కొట్టివేత పిటిషన్ వేసుకోవాలి, ఘోరమైన దాడుల్లో హైకోర్టు ఒప్పుకోదు. రెండో లెక్క గడువు. ఏడాది దాకా శిక్ష ఉన్న 115(2) లాంటి నేరానికి, జరిగిన ఏడాదిలోపు పోలీసుల దగ్గర ఫిర్యాదు నమోదవ్వాలి, లేదా కోర్టులో ఫిర్యాదు దాఖలవ్వాలి. పంచాయితీ పేరుతో సంక్రాంతి దాటాక, కోత అయ్యాక అని నడిపించి ఆ ఏడాది గడిపేసేవాళ్లున్నారు. మాటలు ఒకపక్క నడవనివ్వండి, ఫిర్యాదు ఇంకోపక్క ఉండాలి.

మీ మీదే కేసు పడితే

ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరాల్లో పట్టుకుపోయి లోపలెయ్యడం ఆనవాయితీ కాకూడదని అర్నేష్ కుమార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇస్తారు. బెయిలబుల్ సెక్షన్లయితే జామీను ఇస్తే స్టేషన్లోనే వదలాలి. 118(1)గాని 109గాని ఉంటే సురక్షా సంహిత 482 కింద ముందస్తు బెయిలుకు జిల్లా కోర్టుకు వెళ్లండి. ఎస్సీ, ఎస్టీ చట్టం ఉంటే ముందస్తు బెయిలుకు చట్టం దారి మూసింది. మీ ఒంటి మీద దెబ్బలుంటే మీరూ ఆ రోజే ఎంఎల్‌సీ చేయించుకోండి, వారం తర్వాత చూపించే కమిలిన మచ్చను ఎవరూ నమ్మరు. నోటీసు వచ్చాక ఊరొదిలి చెన్నై బండెక్కేవాళ్లున్నారు. అందులో రాసిన తేదీకి హాజరు కాకపోతే, పోలీసులు మిమ్మల్ని అరెస్టు చేయడానికి అదే కారణంగా పనికొస్తుంది.